తాతయ్య పోయిన ఏడాదిలోనే పాపకు ‘యముడికి మొగుడు’ చూపించవచ్చా?

చిన్నారి అమ్మ:

అందరికీ నమస్కారం. అడగబోయేది సినిమా గురించే గానీ, ముందు కొంచెం ఇంటి సంగతి చెప్పాలి.

మా నాన్న పోయి ఏడు నెలలైంది. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. ఆయనకు ప్రాణమైన సినిమా 1988లో వచ్చిన చిరంజీవి ‘యముడికి మొగుడు’. పెళ్లయిన కొత్తలో అమ్మను తీసుకెళ్లి రాజమండ్రిలో చూశారట. టీవీలో ఎప్పుడు వేసినా అన్నం కంచంతో వచ్చి కూర్చునేవారు. చూస్తూ చూస్తూ తినడం మరిచిపోయి, చెయ్యి కంచంలోనే ఎండిపోయేది. యమలోకం సీను మొదలైతే చాలు, వంటింట్లో ఉన్న అమ్మను "యమలోకం వచ్చింది, రావే" అని కేకేసేవారు. అమ్మ ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు, అయినా వచ్చేది. నేను మాత్రం ఆ సినిమాను ఒక్కసారి కూడా మొదటి నుంచి చివరి దాకా చూడలేదు. ఆయన పిలిచినప్పుడల్లా ఏదో ఒక పని ఉండేది నాకు.

మా పాపకు తొమ్మిదేళ్లు. తాతయ్య ఒళ్లోనే పెరిగింది. మొన్న స్కూలు నుంచి వచ్చి బ్యాగు కూడా దించకుండా, "అమ్మా, తాతయ్యను యముడు దున్నపోతు మీద ఎక్కించుకుని తీసుకెళ్లాడా? దాని మీద ఇద్దరు పడతారా?" అని అడిగింది. నాకు నోట మాట రాలేదు. అమ్మ పక్క గదిలోనే ఉంది, వినే ఉంటుంది.

వచ్చే ఆదివారం నాన్న పుట్టినరోజు. ఆ రోజు ఆయన సినిమా పెట్టుకుని అందరం కూర్చుని చూద్దామని అమ్మే అంది. అప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. చావును తీసుకుని నవ్వించే సినిమా కదా, పాప మనసు ఎలా తీసుకుంటుందో? భయపడుతుందా, లేక తాతయ్య పోవడం కూడా వేళాకోళం అనుకుంటుందా?

ఇంకొకటి. మా బాబాయి కొడుకు ఒకడు, "అది హాలీవుడ్ కాపీ అక్కా, ఇప్పటి పిల్లలు పది నిమిషాలు కూడా కూర్చోరు" అన్నాడు. అప్పట్లో హాల్లో చూసినవాళ్లు చెప్పండి. మా నాన్న అంతగా పట్టుకుని చూడడానికి అందులో ఏముంది?

రేడియో మావయ్య:

తప్పకుండా చూపించమ్మా. ముందు మీ తమ్ముడి మాటకు జవాబు చెప్తాను. ఆయువు తీరకముందే పొరపాటున పైకి తీసుకెళ్లిన మనిషిని వేరే ఒంట్లో పెట్టి తిరిగి పంపడం అనే కథ అమెరికాలో 1941లో ఒకసారి, 1978లో మరోసారి సినిమాగా వచ్చిన మాట నిజమే. కానీ యమలోకంలో అడుగుపెట్టి యముణ్ణే నిలదీసే మనిషి మనకు 1960లో ఎన్టీఆర్ ‘దేవాంతకుడు’ నాటికే ఉన్నాడు. అందులో ఎస్వీ రంగారావు యముడు. దానికి మూలం 1958 నాటి బెంగాలీ సినిమా. తర్వాత 1977లో ‘యమగోల’, 1988లో ఇది, 1994లో ‘యమలీల’, 2007లో ‘యమదొంగ’. ‘యముడికి మొగుడు’ని తమిళంవాళ్లు 1990లో రజనీకాంత్‌తో తీసుకున్నారు. ఈ కథ ఎన్ని చేతులు మారినా తెలుగువాళ్లం దీన్ని వదల్లేదు. ఎందుకు వదల్లేదో ఆలోచించాలి గానీ, కాపీ అని ఒక్క మాటతో తీసేస్తే ఎలా?

అప్పుడు నేను విజయవాడలో డిగ్రీ రెండో ఏడు. ఆ సంవత్సరం మార్చి మొదట్లో చిరంజీవిదే ‘రుద్రవీణ’ వచ్చింది. బాలచందర్ తీశారు, నాగబాబు నిర్మాత. జాతీయ సమైక్యత మీద ఉత్తమ చిత్రంగా నర్గీస్ దత్ అవార్డు తెచ్చుకుంది గానీ డబ్బులు రాలేదు. మా బ్యాచ్‌లో నలుగురమే వెళ్లాం. చుట్టూ ఖాళీ కుర్చీలు చూసి నాకు కడుపు తరుక్కుపోయింది. రెండు నెలలు తిరక్కుండా, ఏప్రిల్ 29న ఇది పడింది. క్లాసు క్లాసంతా హాల్లోనే ఉన్నాం. చొక్కా గుండీలు తెగిపోయాయి, టికెట్టు మాత్రం చేతిలోనే ఉంది! రెండు నెలల్లో అవే కళ్లు, అదే మనిషి. అక్కడ శాస్త్రీయ సంగీతం నేర్చినవాడి మౌనం, ఇక్కడ రౌడీ కాళి కేక. నటుడంటే ఇదీ అని నాకు ఆ ఎండాకాలంలోనే అర్థమైంది.

తీసినవాళ్లు కూడా బయటివాళ్లు కాదు. చిరంజీవికి మద్రాసు రోజుల నుంచి స్నేహితులైన నారాయణరావు, సుధాకర్, హరిప్రసాద్. దర్శకుడు రవిరాజా పినిశెట్టి. పాటలు రాజ్-కోటి. ‘అందం హిందోళం’ మీ పాపకూ తెలిసే ఉంటుంది. 2016లో ‘సుప్రీమ్’లో మళ్లీ వాడుకున్నారు. ఆ జంటలో రాజ్ గారు 2023లో వెళ్లిపోయారు. పాట వచ్చినప్పుడల్లా నేను రేడియో కొంచెం పెంచుతాను.

బడి పంతులమ్మ:

నేను నాలుగో తరగతి చెప్తాను, అంటే మీ పాప వయసు వాళ్లకే. ఒక్క మాట చెప్పాలనిపించింది.

పాటలు, కొట్లాటలు వచ్చినప్పుడు రిమోట్ చేతిలో పెట్టుకుంటే సరిపోతుంది. యముడి కిరీటం చూసి పిల్లలెవరూ భయపడరు, అదీ సమస్య కాదు. అసలు చిక్కు కథలో ఉంది. పొరపాటున తీసుకెళ్లారు, తప్పు ఒప్పుకుని తిరిగి పంపారు. పెద్దవాళ్లకు అది సరదా. తాతను పోగొట్టుకున్న పిల్లకు అది ఆశ.

నా క్లాసులో ఒక బాబుకు అమ్మ పోయింది. ఏదో సీరియల్లో పోయినవాళ్లు తిరిగి రావడం చూశాడు. అప్పటి నుంచి సాయంత్రం బెల్లు కొట్టాక ఆటో ఎక్కేవాడు కాదు. గేటు ఊచలు పట్టుకుని వచ్చే ఆడవాళ్లందరి మొహాలూ చూసేవాడు. ఎందుకో మాకు తెలియడానికే వారం పట్టింది. అందుకని సినిమా మానెయ్యమని కాదు. ముందు కూర్చోబెట్టి చెప్పండి. లేదా ఆ ప్రశ్న అడిగితే దాటెయ్యకుండా, ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి సిద్ధంగా ఉండండి.

తెనాలి కాలువ:

అమ్మా, నీ ప్రశ్న రెండు రోజుల క్రితమే చదివాను. జవాబు రాయాలంటే మా నాన్న గురించి రాయాలి, అందుకని ఆలస్యమైంది.

మా నాన్న యముడు. తెనాలి పక్క పల్లె మాది. ఏడాదంతా కౌలు వ్యవసాయం, శివరాత్రికీ శ్రీరామనవమికీ నాటకాలు. ‘సతీ సావిత్రి’ ఎక్కడ వేసినా యముడి వేషం ఆయనదే. డ్రస్సులు తెనాలి నుంచి అద్దెకు వచ్చేవి గానీ, గద మాత్రం సొంతం. వెదురు పేళ్లతో బుట్టలా అల్లి, పాత పేపర్లు మైదా బంకతో అంటించి, పైన బంగారు కాగితం చుట్టించుకున్నాడు. ఏడాది పొడుగునా అటక మీద ఉండేది. ఎలుకలు కొరికినచోట అమ్మ కొత్త కాగితం అంటించేది. తెల్లవారుజామున నాటకం అయ్యాక ఇంటికొచ్చి నూతి పళ్లెం దగ్గర కూర్చుని, కొబ్బరినూనెతో రంగు తుడుచుకునేవాడు. మీసం పీకేటప్పుడు పైపెదవి ఎర్రగా కందిపోయేది. నుదుటి మీద ఆ ఎరుపు రెండు రోజులకు గానీ పూర్తిగా పోయేది కాదు. ఆ మొహంతోనే పొలం వెళ్లేవాడు. నాకు ఆరేడేళ్లు వచ్చేదాకా నాటకం మర్నాడు ఆయన దగ్గరికి వెళ్లేవాణ్ణి కాదు.

ఇక సినిమా. పెద్ద ఊళ్లలో ఆడేసిన చాలా నెలలకు మా ఊరి టూరింగ్ టాకీసుకు వచ్చింది. నాన్నతో కలిసి బెంచీ టికెట్టుకు వెళ్లాను. యమసభ తెర మీదికి వచ్చింది, యముడి వేషంలో కైకాల సత్యనారాయణ గారు కనిపించారు. అంతే, నేల టికెట్టు జనమంతా తెర వదిలేసి వెనక్కి తిరిగి మా నాన్నను చూశారు. ఆ చీకట్లో అన్ని మొహాలు ఒక్కసారి మావైపు తిరగడం నేను ఎప్పటికీ మరిచిపోలేను. నాన్న ఎవర్నీ చూడలేదు. ముందుకు వంగి, మోచేతులు మోకాళ్ల మీద ఆనించుకుని, సత్యనారాయణ గారి నోటినే చూస్తున్నాడు. పెదాలు కదులుతున్నాయి, ఆయనతో పాటే పలుకుతున్నట్టు.

ఇంటికి నడిచి వస్తూ కాలవ గట్టు మీద ఒకే మాట అన్నాడు. "వాచకం ఎక్కడా జారలేదురా."

అప్పుడు ఆ మాట నాకు తలకెక్కలేదు. ఇప్పుడు ఎన్నిసార్లు చూసినా ఆ సినిమా అంతా ఆ ఒక్క మాట మీదే నిలబడి ఉందనిపిస్తుంది. చూడమ్మా, ఆ సభలో రెండు తెలుగులు ఎదురుపడతాయి. కాళిది బజారు తెలుగు. మాట విసురుతాడు, మధ్యలో తుంచుతాడు. యముడిది నాటకాల తెలుగు. దీర్ఘం ఉన్నచోట దీర్ఘం, ఒత్తు ఉన్నచోట ఒత్తు, మాట చివర ఊపిరి నిలబెట్టడం. చుట్టూ జనం నవ్వుతున్నా సత్యనారాయణ గారు ‘నేను నవ్విస్తున్నాను చూడండి’ అన్నట్టు ఒక్క చూపు చూడరు. తన సభ తనకు నిజం, తన ధర్మం తనకు నిజం. అందుకే కాళి ఒక్కో మాట అంటుంటే మనకు నవ్వు ఆగదు. యముడే వెకిలిగా ఉంటే కాళి గెలుపులో ఏముంటుంది?

నాన్న దీన్నే ఇంకోలా చెప్పేవాడు. కొత్తగా వేషం కట్టే కుర్రాళ్లు స్టేజీ మీద జనాన్ని చూసి నవ్వితే, "యముడు నవ్వితే సావిత్రి ఓడిపోతుంది" అని గట్టిగా కోప్పడేవాడు. సావిత్రి ఏం చేసింది? కత్తి పట్టలేదు. మామగారి చూపు అడిగింది, రాజ్యం అడిగింది, తండ్రికి కొడుకులను అడిగింది. చివరికి తనకు సంతానం అడిగి, ఇచ్చిన మాటతోనే ఆయన్ను కట్టేసింది. మాట తప్పనివాడు కాబట్టే యముడు ఓడాడు. కాళి కూడా యమలోకంలో అదే దారి పట్టాడు. ధర్మరాజువి కదా, ఆయువు తీరని వాణ్ణి ఎలా తెచ్చావు అని పట్టుకున్నాడు. తప్పు తమదని తేలాక పెద్దాయన తల వంచక తప్పలేదు. మీ నాన్నగారు కండక్టరుగా చేశారన్నావు. పొద్దున లేస్తే లెక్క, టికెట్టు, చిల్లర, రూలు. ఎంత పెద్ద ఆఫీసరైనా లెక్క తప్పితే జవాబు చెప్పాల్సిందే అనే కథ ఆయన మనసుకు ఎందుకు పట్టిందో నేను ఊహించగలను.

చిత్రగుప్తుడుగా అల్లు రామలింగయ్య గారిని కూడా పాపకు చూపించు. బయట ఆయన చిరంజీవికి సొంత మామగారు. 1980లో పెళ్లి. అల్లుడు అలా నిలదీస్తుంటే మామగారు చిట్టా ముందు పెట్టుకుని తడబడుతుంటాడు. ఆ సంగతి తెలిసి చూస్తే ఆ సీనుకు ఇంకో రుచి.

నాకు నచ్చనిది కూడా చెప్తాను. కాళి ఒంటిని అప్పటికే కాల్చేస్తారు కాబట్టి, అచ్చం అతని పోలికలే ఉన్న బాలు అనే పల్లెటూరి అమాయకుడి ఒంట్లోకి పంపుతారు. ఆ బాలును అయినవాళ్లే నానా బాధలు పెడతారు. కాళి వచ్చాక వాళ్లకు బుద్ధి చెప్పడం చూసి హాలంతా ఈలలు. కానీ బాలు పోయాడు కదా! వాడి కోసం సినిమా ఆగదు, ఒక్క నిమిషం తలుచుకోదు. నాకు అప్పుడూ ఇప్పుడూ అది లోటే. పంతులమ్మ గారు చెప్పిన చిక్కుకు జవాబు కూడా అక్కడే ఉంది. తిరిగొచ్చిన కాళికి తన ఒళ్లు తనకు దక్కలేదు. కాలిపోయింది ఎవరికీ మళ్లీ రాదని సినిమా కూడా ఒప్పుకుంది. పాప అడిగితే ఆ సీను చూపించి చెప్పు.

చివరగా ఒక్క సంగతి. ఆ సినిమా వచ్చిన మరుసటి ఏడు శ్రీరామనవమికి మా ఊళ్లో మళ్లీ ‘సావిత్రి’ వేశారు. నాన్న గద భుజాన పెట్టుకుని స్టేజీ ఎక్కగానే పందిరంతా ఒకటే నవ్వు. పిల్లలు సినిమా డైలాగులు అరుస్తున్నారు. ఎవడో ఈల వేశాడు. హార్మోనియం ఆయన శ్రుతి పట్టి ఉంచాడు, నాన్న పద్యం ఎత్తుకోలేదు. కదలకుండా నిలబడ్డాడు. ఎంతసేపో నాకు తెలియదు, నా అరచేతులు చెమటలు పట్టేశాయి. ముందు ముసలివాళ్లు ఊరుకున్నారు, తర్వాత ఆడవాళ్లు, చివరికి ఆ ఈల వేసినవాడు. పెట్రోమాక్స్ లైటు బుస్సుమనే చప్పుడు వినబడేంత నిశ్శబ్దమయ్యాక అప్పుడు ఎత్తుకున్నాడు. ఆ రాత్రి వన్స్‌మోర్ రెండుసార్లు పడింది.

ఆయన పోయి పదకొండేళ్లు. సత్యనారాయణ గారు 2022 డిసెంబరులో పోయిన రోజు అటక మీంచి గద దించి దుమ్ము తుడిచాను.

చిన్నారి అమ్మ:

మీ జవాబు అమ్మకు చదివి వినిపించాను బాబాయి గారూ. కండక్టరు మాట దగ్గర ఆపమంది. కళ్లు తుడుచుకుని, మళ్లీ చదవమంది. నాన్న రాత్రి డ్యూటీ దిగి వచ్చాక మంచం మీద చిల్లర పోసి లెక్క చూసుకునేవారట. పావలా తక్కువైనా నిద్రపోయేవారు కాదట. ఇది నాకు ఇన్నేళ్లూ తెలియదు.

పంతులమ్మ గారూ, మీరు చెప్పినట్టు ముందే మాట్లాడతాను. రేడియో మావయ్య గారూ, పాపకు ఆ పాట నిజంగానే తెలుసు.

‘యమలీల’ కూడా చూపించమంటారా, లేక ఒకేసారి ఇన్ని వద్దా?

రేడియో మావయ్య:

దానికి తొందరేముందమ్మా, వేసవి సెలవులకు దాచు. అందులోనూ యముడు సత్యనారాయణ గారే. తన పుస్తకం పోగొట్టుకుని చిత్రగుప్తుడితో భూమ్మీదికి దిగుతాడు. ఈసారి చిత్రగుప్తుడు బ్రహ్మానందం. ఐస్‌క్రీం సీను ఉంది చూడు, పిల్లలు వెనక్కి తిప్పి తిప్పి చూస్తారు. ఆదివారానికి మాత్రం మీ నాన్నగారి సినిమా ఒక్కటే.

చిన్నారి అమ్మ:

నిన్న చూశాం. మీ అందరికీ చెప్పాలని పొద్దున్నే రాస్తున్నాను.

సినిమాకు ముందే పాపను పక్కన కూర్చోబెట్టుకుని, ఇందులో పొరపాటున తీసుకెళ్లిన మనిషిని తిరిగి పంపుతారు, అది కథలోనే జరుగుతుంది అని చెప్పాను. కాసేపు కాళ్లు ఊపుకుంటూ కూర్చుంది. "అంటే తాతయ్యది పొరపాటు కాదా?" అంది. "కాదమ్మా. తాతయ్యకు గుండె బాగా పాడైపోయింది. డాక్టర్లు చేయగలిగింది చేశారు. తాతయ్య రారు" అన్నాను. ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో కూడా ఈ మాట ఇంత సూటిగా నేను ఎవరితోనూ అనలేదు. తను ఏడ్చింది, నేనూ ఏడ్చాను. తర్వాత లేచి మొహం కడుక్కుని వచ్చి, "సరే, పెట్టు" అంది.

మొదటి అరగంట కొంచెం విసుక్కుంది, ఫోను అడిగింది. కాళి కొట్లాటలకు మాత్రం సోఫా మీద మోకాళ్లతో లేచి నిలబడింది. సగంలో అమ్మ పులిహోర పోపు చూసుకుంటానని వంటింట్లోకి వెళ్లింది. ఇంతలో తెర మీద పొగ, సింహాసనం, కిరీటం. నాకు గొంతు పట్టేసినట్టైంది. ఆ కేక వెయ్యాల్సిన మనిషి లేరు.

పాప వంటింటి వైపు తిరిగి, "అమ్మమ్మా! యమలోకం వచ్చింది, రావే!" అని అరిచింది. ఆ ‘రావే’తో సహా, అచ్చం ఆయనలాగే.

అమ్మ గరిటె చేత్తో పట్టుకునే పరిగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడింది. సీను అయిపోయేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు. పోపు మాడిపోయింది.